జీవమ్మ మన్నుముడి

బహరైన్‌లో గలాలీ అనే ఊళ్ళో జీవమ్మ కోపం ఎరగనివాళ్ళు తక్కువ. పదమూడేళ్ళుగా ఒకే ఇంట్లో వంటా, ఊడ్పూ, ఉతుకూ చేస్తున్న మనిషి. గేటు ముందుకు చేపలు తెచ్చే బంగ్లాదేశ్ అతను నిన్నటి చేపను ఇవాళ్టిదని అంటగట్టబోతే గోదావరి తెలుగులోనే కడిగిపారేసేది. అతనికి భాష రాకపోయినా భావం గట్టిగానే తగిలేది. ఆమె కఫీలు, అంటే ఆ ఇంటి యజమాని, ఒకసారి ఆరేసిన దుప్పట్ల పక్కనుంచి కారులో దుమ్ము లేపుకుంటూ పోయి, ఆ పూటంతా వంటింటి వైపు తొంగి చూడలేదు.

అలాంటి మనిషి పన్నెండు శుక్రవారాలు, కాళ్ళకు చెప్పుల్లేకుండా, ఎవరినీ ఒక్క మాట అనకుండా, గలాలీ నుంచి మనామా కతోలిక్కు గుడి దాకా నడిచింది. అనాల్సినవాడు కళ్ళెదుటే తిరుగుతున్నా అనలేదు. ఆమె బతుకులో చేసిన పనులన్నిటిలోకీ అది కష్టమైన పని అంటే నడక కష్టమనుకునేరు. నడక కాదు, నోరు మూసుకోవడం.

ఎందుకు మూసుకుందో తెలియాలంటే ముందు మన్నుముడి సంగతి తెలియాలి.

జీవమ్మది గోదావరి నడుమ ఉన్న కొత్తరేవులంక. అక్కడి కతోలిక్కులు ఏటా ఫిబ్రవరిలో దీపాలగట్టు మాత పండక్కి నడిచి వెళతారు. నూట ఇరవై కిలోమీటర్లు, ఏడు పగళ్ళు, ఆరు రాత్రిళ్ళు. బయల్దేరే ముందు ఎవరి గడప ముందు మన్ను వాళ్ళు గుప్పెడు తీసి, పాత చీర ముక్కలో వేసి, మూడు ముళ్ళు వేసి నడుముకి కట్టుకుంటారు. రాత్రి ఏ ఇంట్లో ఆగితే ఆ ఇంటివాళ్ళు కాళ్ళకు నీళ్ళు పోస్తారు. పొద్దున్నే వెళ్ళేటప్పుడు మన మన్ను చిటికెడు వాళ్ళ వాకిట్లో చల్లి, వాళ్ళ వాకిటి మన్ను చిటికెడు అడిగి తీసుకోవాలి. అడక్కుండా తీసుకుంటే అది దొంగమన్ను. గట్టు చేరేసరికి ముడిలో లంక ఒండ్రు, మెరక నల్లరేగడి, ఇసుక, ఎర్రమట్టి, గరుసు అన్నీ కలిసిపోయి ఉంటాయి. సగం మాత పాదాల దగ్గర పోసి, సగం ఇంటికి తెచ్చి, ఇంటిల్లిపాదీ నుదుట రాసుకుని రవ్వంత నాలుక మీద వేసుకుంటారు. ఇంకో కట్టుబాటు ఉంది. ముడి నడుముకి ఉన్నంతసేపు బండెక్కకూడదు, ఎవరినీ తిట్టకూడదు.

ఎనిమిదేళ్ళ వయసులో జీవమ్మ, తన తల్లి వీరమ్మ కొంగు పట్టుకుని ఆ దారంతా నడిచింది. రెండో రాత్రి ఆగిన ఇల్లు ఒక కంసాలివాళ్ళది. వాళ్ళకు మాత ఎవరో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ ఇల్లాలు చెంబుతో నీళ్ళు తెచ్చి, ఇంత చిన్న కాళ్ళు అంత దూరం ఎలా మోసుకొచ్చాయే పిల్లా అని పాదాలు రుద్ది రుద్ది కడిగి, వేడి చారన్నం పెట్టింది. జీవమ్మకు దీపాలగట్టు అంటే మాత ముఖం కన్నా ముందు ఆ చారు వాసన గుర్తుకొస్తుంది.

ఆ దారి ఇప్పుడు లేదు. రోడ్డుంది, దారి లేదు. వీరమ్మ ఫోనులో చెబుతుంటే వింటున్న జీవమ్మకు ఒళ్ళు మండేది. సిమెంటువాళ్ళ పందిళ్ళు, చీరల కొట్లవాళ్ళ తోరణాలు. పేరు రాయించుకుని మెడలో కార్డు వేసుకోకపోతే పందిట్లోకి రానివ్వరు. కాళ్ళు కడగడానికి ఒక కౌంటరు, దానికి టికెట్టు. వాకిళ్ళన్నిటికీ సిమెంటు పడింది, చిటికెడు మన్ను అడిగితే ఇవ్వడానికి వాళ్ళ దగ్గర మన్నే లేదు. గట్టు కింద కొట్లలో ముడులు తయారుగా కట్టి మామిడి తోరణంలాగా వేలాడదీస్తున్నారు, ఏడూళ్ళ మన్నుకు గ్యారంటీ అని బోర్డు పెట్టి. నడవలేనివాళ్ళ బదులు నడిచిపెట్టే మనుషులు కూడా దొరుకుతున్నారు.

ఇంత తెలిసీ జీవమ్మ తన నడకను కొనుక్కుంది. ఆ మాట దాచి లాభం లేదు. ఆమె కోపంలో సగం భాగం తన మీదే.

రెండువేల మూడు ఆగస్టులో ఆమె భర్త మార్కు పడవ వరదలో తాడు తెగి కొట్టుకుపోయింది. మార్కు రేవులో జనాన్ని దాటించే మనిషి. మూడు రోజులు కబురు లేదు. మనిషి బతికొస్తే గడప నుంచి గట్టు దాకా ఒట్టికాళ్ళతో నడుస్తానని గలాలీ వంటింట్లో గిన్నెల ముందు నిలబడి మొక్కుకుంది. నాలుగో రోజు మార్కు ఎక్కడో దిగువన ఇసుకమేట మీద దొరికాడు. ఈదింది నేనూ, మొక్కు మాతకా అని ఫోనులో నవ్వాడు. ఆ రోజు అతను తిన్న తిట్లు లంకలో అంతకు ముందు ఏ మొగుడూ తిని ఉండడు.

మొక్కింది సరే, తీర్చడం ఎలా? కఫీలు సెలవు ఇచ్చేది రెండేళ్ళకోసారి, జూలైలో, వాళ్ళ కుటుంబం చల్లటి దేశాలకు వెళ్ళినప్పుడు. నడక ఫిబ్రవరిలో. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఖలాస్, ఇక ఆ మాటెత్తొద్దన్నాడు. ఏటా ఆగస్టులో గోదావరి పొంగుతోందని టీవీలో విన్నప్పుడల్లా ఆమె లంకకు ఫోను చేసేది. మార్కు ఇంకా అదే రేవులో పడవ మీద ఉన్నాడు, మొక్కు ఇంకా తీరలేదు. ఈసారి నది అతన్ని తిరిగి ఇవ్వకపోతే తప్పు ఎవరిది? ఆ భయమే ఆమెను జాన్ పాల్ దగ్గరికి నడిపించింది.

జాన్ పాల్‌కి గుదైబియాలో కార్గో కొట్టుంది. మనవాళ్ళు ఊళ్ళకు పంపే సామాను అట్టపెట్టెల్లో కట్టి ఓడలో వేయిస్తాడు. శుక్రవారం తెలుగు పూజ తరవాత హాలు తీయించేదీ, టీ పోయించేదీ, పాటల పుస్తకాలు పంచేదీ అతనే. నవ్వు ముఖం, తీపి మాట. అతను మొక్కుసేవ అని ఒకటి మొదలుపెట్టాడు. నీ గడప మన్ను ముడి కట్టి ఇస్తే ఊళ్ళో అతని మనుషులు నీ బదులు నడుముకి కట్టుకుని నడిచి, దారి మన్ను కలిపి తెచ్చి ఇస్తారు. మొదటి ఏడు నాలుగు ముడులే వెళ్ళాయి, నిజంగానే నడిచొచ్చాయి. మూడో ఏటికి దానికి ఫారం వచ్చింది, సీడీ వచ్చింది, లామినేషన్ చేసిన మాత ఫోటో వచ్చింది. చెప్పులతో నడకకు ఒక ధర, ఒట్టికాళ్ళ నడకకు ఇంకో ధర.

జీవమ్మ ఒట్టికాళ్ళ నడక రాయించుకుంది. అంతకు ముందు జూలైలో ఊరెళ్ళినప్పుడు పాలపొడి డబ్బాలో తెచ్చుకున్న గడప మన్నులో సగం తీసి, తల్లి పాత చీర ముక్కలో, పసుపుపచ్చ మీద ఆకుపచ్చ చుక్కలది, ముడి కట్టి ఇచ్చింది. తల్లికి మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడంలోనే తెలుస్తోంది కదా, చేస్తున్నది తప్పని ఆమెకూ తెలుసని.

రెండువేల ఆరు మార్చిలో జాన్ పాల్ పంచాడు. ముడులు కాదు, ప్లాస్టిక్ ప్యాకెట్లు. సీలు వేసి, మాత బొమ్మ స్టిక్కర్ అంటించి, నలభైకి పైగా ఆడవాళ్ళకు ఒకే కొలతలో. గుడ్డ ముడులు కస్టమ్స్‌లో రానివ్వరని చెప్పాడు. అందరూ కళ్ళకద్దుకున్నారు. జీవమ్మ గలాలీకి తెచ్చుకుని, స్నానం చేసి, మోకరిల్లి, ప్యాకెట్టు కత్తిరించి, నుదుట రాసుకుని, రవ్వంత నాలుక మీద వేసుకుంది.

ఉప్పగా ఉంది. పళ్ళ కింద కరకరమంది.

ఉమ్మేసి, మిగిలింది పళ్ళెంలో పోసి నీళ్ళు కలిపింది. ఒండ్రు అయితే వేళ్ళకు వెన్నలా అంటుకుంటుంది. రేగడి అయితే ఉబ్బుతుంది. ఇది ఎర్రగా ఓ పొర పైకి తేలి, అడుగున తెల్లటి ఇసుక మిగిలింది. ఇసుకలో చీమ తలకాయంత గవ్వముక్కలు. పదమూడేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ ఇంటి పెరట్లో ఆమె ఊడ్చిపోసేది ఆ ఇసుకే, ఆ గవ్వముక్కలే. దీపాలగట్టు నుంచి వచ్చిన మన్ను బహరైన్ మన్నులా ఉంది అనుకోవడానికి కూడా ఆమెకు ఒక్క క్షణం పట్టలేదు. అది బహరైన్ మన్నే.

అరికాలి మంట నెత్తికెక్కింది.

మరుసటి శుక్రవారం పూజ అయి, హాల్లో టీలు పోస్తుండగా ఆమె నేరుగా జాన్ పాల్ ముందుకు వెళ్ళి నిలబడింది. ఎక్కడి మన్నయ్యా ఇది అని అడిగింది. గట్టుదే అక్కా అన్నాడతను. గోదావరి మన్ను ఉప్పగా ఎప్పటి నుంచి అయిందని అడిగింది. ఓడలో వచ్చింది కదక్కా, సముద్రపు గాలి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు హమ్మయ్య అన్నట్టు నవ్వారు. గవ్వలు కూడా గాలికే ఎగిరొచ్చాయా అని అడిగేసరికి అతని నవ్వు కొంచెం తగ్గింది.

“మన్నుదేముందక్కా,” అన్నాడు మెల్లగా, అందరికీ వినబడేలా. “విశ్వాసం ముఖ్యం. దేవుడు చూసేది హృదయాన్ని.”

“హృదయాన్నే చూసేదైతే ఒట్టికాళ్ళకి ఓ రేటూ, చెప్పులకి ఓ రేటూ ఎందుకు పెట్టావు?”

దానికి జవాబు అతను చెప్పనక్కర లేకపోయింది. ఆడవాళ్ళే జీవమ్మ మీద విరుచుకుపడ్డారు. గుడి ఆవరణలో ఈ రభస ఏంటన్నారు. హాలు తీయించే మనిషిని పట్టుకుని అంత మాటంటావా అన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఒకామె గట్టిగానే అంది. అంత మందిలో ఇద్దరు ముగ్గురు మాత్రం తల దించుకుని టీ కప్పులోకి చూస్తున్నారు. వాళ్ళ నాలుకలకూ ఆ ఉప్పు తెలిసిందని జీవమ్మకు అప్పుడు అర్థమైంది. తెలిసీ మింగేశారు.

క్రిస్టీనా ఆమెను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. క్రిస్టీనాది గుంటూరు వైపు, జింజ్‌లో ఒక క్లినిక్‌లో ఆయా. నాలుగేళ్ళు నిండినా మాటలు రాని కూతురు ఊళ్ళో అమ్మమ్మ దగ్గరుంది. ఆ పిల్ల నోట మాట రావాలని మొక్కుకుంది. పిల్ల ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక అమ్మమ్మా అంది. క్రిస్టీనా వెంటనే ముడి కట్టి జాన్ పాల్‌కి ఇచ్చింది.

“నీకు దణ్ణం పెడతానక్కా, ఊరుకో. నా మొక్కు తీరిపోయింది. నువ్వు తీరలేదని అనకు. దాని మాట మళ్ళీ పోతే నేనేమైపోవాలి?”

క్రిస్టీనా ఏడుస్తోంది. ఏడ్చేవాళ్ళని తిట్టడం జీవమ్మకు చేతకాదు. ముహర్రక్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారంతా జాన్ పాల్‌ని తిట్టుకుంది. అరాద్ దాటాక తనని తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది. నడక కొనుక్కోవచ్చని నీకు ఎవరు చెప్పారే? నీ మొగుడు నీటిలో మూడు రోజులు ఇంకొకరి చేత ఈదించుకున్నాడా?

ఆ రాత్రి తల్లికి ఫోను చేసి అంతా చెప్పింది. వీరమ్మ తిట్టింది. లంకలో ఆ విద్య జీవమ్మకు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు ఎవరైనా వింటే తెలిసేది. తిట్లన్నీ అయ్యాక జీవమ్మ అడిగింది, ఇక్కడే, ఈ దేశంలోనే, నూట ఇరవై కిలోమీటర్లు నడిస్తే చెల్లుతుందా అని.

“నాకేం తెలుసే. ఫాదరుగారినడుగు,” అంది వీరమ్మ. “గానీ బండెక్కావంటే మాత్రం నా కూతురివి కాదు,” అంది.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బహరైన్ తారు రోడ్డు మీద ఒట్టికాలు మోపితే తోలు ఊడొస్తుంది. జీవమ్మ ఆగింది. గలాలీ ఇంటి గేటు నుంచి మనామా గుడికి పది కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పన్నెండు శుక్రవారాలైతే సరిగ్గా సరిపోతుంది, పన్నెండోది ఫిబ్రవరి పండగ వారానికి పడుతుంది. నవంబరు చివరి శుక్రవారం తెల్లవారగానే, డబ్బాలో మిగిలిన గడప మన్ను ముడి కట్టి నడుముకి చుట్టుకుని, చెప్పులు వంటింటి తలుపు పక్కన విడిచి బయటికి వచ్చింది.

కఫీలు తల్లి పెరట్లో ఖర్జూరం చెట్టు కింద కూర్చుని ఉంది. ఇంట్లో అందరూ పెద్దామెను మామా అంటారు, జీవమ్మ కూడా అదే అంటుంది. చెప్పులేవని అడిగింది మామా. మొక్కును అరబ్బీలో ఏమంటారో జీవమ్మకు తెలియదు. వచ్చిన నాలుగు ముక్కల్లో నది, పడవ, మొగుడు, మూడు రోజులు, నడక అని చేతులు తిప్పుతూ చెప్పింది. నద్ర్ అంది పెద్దామె, అర్థమైనట్టు తలూపి. వాళ్ళలోనూ మొక్కులున్నాయి, మొక్కి తీర్చకపోతే ఏమవుతుందోనన్న భయమూ ఉంది. జీవమ్మ చెట్టు మొదట్లో మన్ను చిటికెడు అడిగి, తన మన్ను చిటికెడు అక్కడ చల్లింది. దారిలో ఇళ్ళవాళ్ళు కాళ్ళకు నీళ్ళు పోస్తారని కూడా చెప్పిన పాపానికి పెద్దామె మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టం అందుకుని, మోకాళ్ళ దాకా తడిసిపోయేలా కొట్టి, పళ్ళు లేని నోటితో పడీ పడీ నవ్వింది. ఆ వారం నుంచీ ప్రతి శుక్రవారం గొట్టం పట్టుకుని కాచుక్కూర్చునేది.

నడక నడకలాగే ఉంది. నడుముకి ముడి ఉంది కనుక వెనక్కి కూడా నడిచే వచ్చేది, ఆ దూరం లెక్కలో వేసుకోలేదు. మొదటి వారం మడమలు పగిలాయి, రెండో వారం గాజుపెంకు దిగింది, మూడో వారం ముహర్రక్ వంతెన మీద గాలికి చెంగు నిలవలేదు. కార్లవాళ్ళు ఆపి ఎక్కమనేవారు, పాపం చెప్పులు కొనుక్కోలేదనుకుని ఒకాయన చేతిలో దినార్ పెట్టబోయాడు. వాళ్ళనెవరినీ తిట్టడానికి లేదు, నడుముకి ముడి ఉంది. మన్ను అడగడం మాత్రం ఆమె అనుకున్నంత కష్టం కాలేదు. అరాద్‌లో లాండ్రీ నడిపే మలయాళీ తులసి కుండీలోది గోరుతో గీకి ఇచ్చాడు. ముహర్రక్‌లో రొట్టెలు కాల్చే ఇరానీ ముసలాయన పొయ్యి పక్కన గోడమట్టి పెళ్ళగించి ఇచ్చాడు. వంతెన దగ్గర వలలు ఆరబెట్టే బహరైనీ ఒకతను ఇది మన్ను కాదమ్మా ఉప్పు అంటూనే దోసిట్లో పోశాడు. ఎందుకని అందరూ అడిగారు. చెప్పాక ఒక్కరూ కాదనలేదు.

నాలుగో శుక్రవారం మనామా వైపు దిగగానే రోడ్డు మధ్య పూలమొక్కలకు నీళ్ళు పెడుతున్న బాలన్న కనబడ్డాడు. గల్ఫంతా దుబాయే అనే జగిత్యాల మనిషి, పెద్ద తలపాగా, శుక్రవారం కూడా ఓవర్‌టైం డ్యూటీ. జీవమ్మ మన్ను అడిగితే అతను గడ్డపలుగు నేలకు ఆనించి ఆమె కాళ్ళ వైపు చూశాడు.

“దుబాయికొచ్చి పదేండ్లాయె అక్కా. పైసలడిగిన్రు, సిగరెట్లడిగిన్రు. మన్ను అడిగినోళ్ళు నువ్వొక్కదానివే.”

పక్కనున్న బస్తాలోంచి ఎర్రటి మన్ను తీయబోతుంటే జీవమ్మ వద్దంది, నేలమీదిదే కావాలంది. బాలన్న అదే మంచిదన్నాడు. ఎర్రది అసలు మన్నే కాదట, ఇక్కడి ఇసుకలో ఎర్రపొడి కలిపి కుండీలకని నర్సరీలో అమ్ముతారట. ఆ ఏడు ఫిబ్రవరిలో అతను లోడు కోసం వెళ్ళినప్పుడు తెలుగాయన ఒకాయన రెండు బస్తాలు వ్యానులో వేయించుకున్నాడు. గుదైబియాలో కార్గో కొట్టాయన. కొట్టులో మొక్కలేం పెంచుతవ్ అన్నా అని అడిగితే నవ్విండు అన్నాడు బాలన్న.

జీవమ్మకు తిట్టు నోటి దాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేర్చుకున్నవన్నీ ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. నడుము దగ్గర ముడిని పిడికిట్లో బిగించి పట్టుకుని, పళ్ళు కరుచుకుని నడిచింది. గుడి గేటు దగ్గర జాన్ పాల్ ఎదురొచ్చి బాగున్నావా అక్కా అన్నాడు. బాగున్నానన్నట్టు తలూపింది. ఆ తలూపడానికి ఎంత ఓర్పు కావాలో మాతకు తెలియాలి.

ఆ మౌనాన్ని జాన్ పాల్ రాజీ అనుకున్నాడు. ఆరో వారానికి ఆమె వెనక ఇద్దరు నడిచారు, ఆ రోజు టీ కప్పులోకి తల దించుకున్నవాళ్ళే. ఎనిమిదో వారానికి ఏడుగురు. జనం కదిలితే జాన్ పాల్‌కి వ్యాపారం వాసన తగలకుండా ఉంటుందా? పదో వారం వంతెన మొదట్లో అతని వ్యాను నిలబడి ఉంది. కార్గో కొట్టు స్టిక్కర్ అంటించిన నీళ్ళ సీసాలు, అలసినవాళ్ళు ఎక్కడానికి సీట్లు. పదకొండో వారం పసుపు టీషర్టులు వచ్చాయి. పన్నెండో వారం గుడి గేటు పక్కన బ్యానరే లేచింది. బహరైన్ తెలుగు పాదయాత్ర, మొదటి సంవత్సరం, వచ్చే ఏటికి పేర్లు నమోదు చేసుకోండి. మధ్యలో జీవమ్మ ఫోటో, ఆమె చూడకుండా తీసింది.

పండగ వారం కావడంతో ఆ రోజు గేటు దగ్గర యాభై మంది దాకా ఆడవాళ్ళు చేరారు. క్రిస్టీనా కూడా ఉంది. జీవమ్మ ఒట్టికాళ్ళతో, చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ముతో రావడం చూసి జాన్ పాల్ కెమెరా ఎత్తాడు. బ్యానర్ పక్కన ఒక్క ఫోటో దిగమన్నాడు. ఆమె అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. మాత స్వరూపం ముందున్న పూలమడిలో, తోటపని చూసే అతన్ని అడిగి, ముడి విప్పి సగం మన్ను పోసింది. మార్కు పేరు చెప్పుకుంది. మొక్కు తీరింది.

మిగతా సగం గుడ్డలోనే అరచేతిలో పెట్టుకుని గేటు దగ్గరికి తిరిగి వచ్చింది. ముడి విప్పేసింది కనుక ఇక ఆమె నోటికి అడ్డం లేదు.

“నోరు తెరువు తమ్ముడూ,” అంది.

అంత మంది చూస్తున్నారు. ప్రసాదమనుకుని జాన్ పాల్ నవ్వుతూ నోరు తెరిచాడు. ఆమె చిటికెడు నాలుక మీద వేసింది. ఎలా ఉందని అడిగింది. ఉప్పగా ఉందక్కా అన్నాడు.

“ఉంటుంది. ఇది మా మామా ఖర్జూరం చెట్టు కిందది. ఇది అరాద్ లాండ్రీ ఆయన తులసికుండీలోది. ఇది రొట్టెల ముసలాయన ఇచ్చింది, ఇది వలలబ్బాయి ఇచ్చింది, ఇది బాలన్న పలుగుతో తవ్వి ఇచ్చింది. ప్రతి చిటికెడూ అడిగి తెచ్చాను, ఎవరిదో పేరుపేరునా చెప్పగలను. నిరుడు నువ్వు మాకు తినిపించింది కూడా ఈ దేశపు మన్నే. అది ఎవరి వాకిటిదో నువ్వు చెప్పు.”

దొంగకు తేలు కుట్టినట్టు అయింది జాన్ పాల్ పని.

“నేనే చెప్పనా? రెండు బస్తాలు. నర్సరీలో నీకు బస్తాలెత్తుతుంటే చూసిన మనిషి అదిగో, ఆ రోడ్డు మీదే నీళ్ళు పెడుతున్నాడు. పిలిపించమంటావా?”

ఆడవాళ్ళు అతనికి ఇంకా దగ్గరగా జరిగారు. కందా కత్తిపీటా అన్న ఆవిడ కూడా. అతను వాళ్ళందరి ముఖాలూ చూసి, తప్పించుకునే సందు కనబడక, గొంతు తగ్గించి చెప్పాడు. నిరుడు నలభైకి పైగా ముడులొచ్చాయట. ఊళ్ళో నడిచేవాళ్ళు ముగ్గురే దొరికారట. వాళ్ళు కూడా అంతకు ముందు ఏడు రెండో రోజుకే లారీ ఎక్కేసినవాళ్ళేనట, అందుకే ముడులు పంపలేదట. కాదనలేక, తీసుకున్నది తిరిగి ఇవ్వలేక అలా చేశానన్నాడు.

“మా ముడులేం చేశావు?” అడిగింది క్రిస్టీనా. ఆమె గొంతు అలా ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

“కొట్టులోనే ఉన్నాయి సిస్టర్. అట్టపెట్టెలో. పారెయ్యలేదు.”

అంటే అవి ఈ ఊరు దాటనే లేదు. గోదావరి గడపల మన్ను, కృష్ణ గడపల మన్ను, ఎవరెవరి చేతనో బతిమాలి తెప్పించుకున్న మన్ను, ఏడాదిగా గుదైబియాలో టేపు చుట్టల కింద పడి ఉంది. క్రిస్టీనా ముఖం పాలిపోయింది. కూతురి మాట పోతుందనే భయం ఆమె కళ్ళలో ఇంకా ఉంది, కానీ ఆ భయం ఇప్పుడు జీవమ్మ వైపు చూడడం లేదు. పద, తెచ్చిద్దువు గాని అంది అతనితో.

జాన్ పాల్ వ్యాను వైపు కదిలాడు.

“బండి కాదు,” అంది జీవమ్మ. “నడువు. ఆ బూట్లు కూడా విప్పు. ఒట్టికాళ్ళ రేటే కట్టాం నీకు.”

అతను అటూ ఇటూ చూశాడు. యాభై మంది ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. వంగి బూట్ల దారాలు విప్పాడు, మేజోళ్ళు విప్పి జేబులో పెట్టుకున్నాడు. గుదైబియా అక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు, అయినా మొదటి మలుపు తిరిగేలోపే అతను కుంటడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు వెనకే నడిచారు. కెఫెటీరియాల ముందు టీ తాగుతున్న మగవాళ్ళు లేచి నిలబడి చూశారు.

కొట్టులో పెట్టె అన్నిటికన్నా అడుగున ఉంది. దాన్ని బయటి మెట్ల మీద పెట్టి విప్పితే, చీర ముక్కలు రంగురంగులుగా, పేరు రాసిన కాగితాలతో సహా అలాగే ఉన్నాయి. జీవమ్మకు తల్లి చీర ఆకుపచ్చ చుక్కలు కనబడ్డాయి. తీసి కొంగున దోపుకుంది. క్రిస్టీనా తన ముడి వెతుక్కుంటూ జాన్ పాల్‌ని తిట్టడం మొదలుపెట్టింది. మెత్తటి మనిషని పేరున్న ఆ పిల్ల తిట్లకు వీధంతా ఆగిపోయింది. పసిదాని నోటి మాట మీద వ్యాపారం చేస్తావా అని మొదలుపెట్టి, అతని పుట్టుక దాకా వెళ్ళి, ఇంకా వెళ్ళబోతూ, చేతికి ముడి దొరకగానే నడుముకి చుట్టి బిగించి కట్టుకుంది. కట్టుకున్న మరుక్షణం, మాట మధ్యలోనే, నోరు మూసుకుంది. చెప్పులు విప్పి మెట్ల మీద వదిలేసి జింజ్ వైపు నడిచింది, మొదటి అడుగు తన గుమ్మం నుంచే వెయ్యాలని.

క్రిస్టీనా సగంలో వదిలేసిన తిట్టు జీవమ్మ పూర్తి చేసింది.